అమ్మమ్మ అటకెక్కించిన గోధుమపిండి డబ్బా

ప్రశ్న: మా అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. బొంబాయిలో పుట్టి పెరిగిన మనిషి. తాతయ్యది కరీంనగర్ వైపు పద్మశాలి కుటుంబం, బొంబాయి మిల్లులో పనిచేసేవారు. 1958లో ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నారని తప్ప మాకు ఏమీ తెలియదు. మొన్న అమ్మవాళ్ల ఇల్లు సర్దుతుంటే అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక పాత పుస్తకం దొరికింది. సగం మరాఠీ, సగం నాకు తెలియని లిపి. ఫొటో తీసి తెలిసినవాళ్లకి పంపిస్తే అది హీబ్రూ అనీ, యూదులు పస్కా రాత్రి చదువుకునే పుస్తకమనీ చెప్పారు. మొదటి పేజీలో పెన్సిల్‌తో అమ్మమ్మ పేరు, పెళ్లికి ముందరి ఇంటిపేరు ఉన్నాయి. ఆ ఇంటిపేరు ‘కర్’ అని ముగుస్తుంది. అమ్మని అడిగితే, ‘నాకు ఎప్పటినుంచో తెలుసు, ఇప్పుడది తవ్వకు’ అని కోప్పడింది. అప్పటినుంచి నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆలోచిస్తుంటే ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఎండలు మొదలవగానే అమ్మమ్మ రాగి గిన్నెలన్నిటికీ కళాయి పూయించేది. ఓ వారం పైన ఇంట్లో చపాతీ ఉండేది కాదు, గోధుమపిండి డబ్బాకి గుడ్డ కట్టి అటకెక్కించేది, ‘వేడి చేస్తుంది’ అనేది. ఏదైనా మొక్కు తీరితే అటుకుల్లో కొబ్బరి, చక్కెర, ఖర్జూరం కలిపి అందరికీ పంచేది. ఇప్పుడు మేం యూదులమా? మా పిల్లలతో ఆ పస్కా చేసుకోవాలని ఉంది, కానీ నాటకంలా అనిపిస్తుందేమో. మా ఆయన ‘ఉగాది పచ్చడిలాంటిదేగా, చేసేద్దాం’ అంటున్నారు. అత్తయ్యగారేమో ‘అది చర్చివాళ్ల పండుగ కదా’ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీరు పుస్తకాన్ని పట్టుకుని కంగారు పడుతున్నారు గానీ, నాకు మీ ఉత్తరంలో అంతకన్నా ముఖ్యంగా కనిపించింది మీ అమ్మమ్మగారి వంటిల్లు. పాత పుస్తకం ఎవరి పెట్టెలోకైనా ఎలాగైనా చేరొచ్చు. కానీ ఏటా ఒకే సమయంలో కళాయి, ఎనిమిది రోజులు గోధుమ మానెయ్యడం, మొక్కుకి తీపి అటుకులు, ‘కర్’తో ముగిసే ఇంటిపేరు, ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర కలిశాయంటే ఆవిడ కొంకణ్ తీరపు యూదుల ఇంటి ఆడపడుచు అయి ఉండాలి. వాళ్లని బెనె ఇజ్రాయెల్ అంటారు. అంటే ఆవిడ పస్కాని పెట్టెలో దాచిపెట్టలేదండీ. మీ కళ్లెదుటే ఏటా చేసుకుంది, పేరు మాత్రం చెప్పలేదు.

బెనె ఇజ్రాయెల్ గురించి కాస్త చెబుతాను, ఎందుకంటే మీరిప్పుడు నెట్‌లో ‘యూదులు, పస్కా’ అని వెతికితే వచ్చేదంతా అమెరికా, యూరప్ ఇళ్ల సంగతే, అందులో మీ అమ్మమ్మ కనపడరు. వాళ్ల పూర్వీకుల ఓడ అలీబాగ్ దగ్గర నౌగావ్ ఒడ్డున బద్దలైందనీ, ఏడుగురు మగవాళ్లు ఏడుగురు ఆడవాళ్లు బతికి బయటపడ్డారనీ, వాళ్ల సంతతే ఈ జనమనీ వాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ. పుస్తకాలన్నీ నీళ్ల పాలయ్యాయి. మిగిలింది ‘షెమా’ అనే ఒక్క ప్రార్థన, శనివారం పని చేయకపోవడం, మగపిల్లలకి సున్తీ, తినే తిండిలో నియమాలు. కొంకణ్ పల్లెల్లో గానుగ ఆడించి బతికారు, శనివారం గానుగ ఆపేసేవాళ్లు కాబట్టి ఊళ్లోవాళ్లు ‘శన్‌వార్ తేలీ’, అంటే శనివారపు గానుగవాళ్లు, అని పిలిచారు. ఉన్న ఊరి పేరుకి ‘కర్’ చేర్చి ఇంటిపేరు చేసుకున్నారు. పెన్సిల్‌తో రాసిన ఆ ఇంటిపేరులో ‘కర్’ తీసేసి చూడండి, రాయగఢ్ జిల్లా మ్యాపులో ఆ ఊరు దొరికే అవకాశం ఎక్కువ. తర్వాత బొంబాయి వచ్చి సైన్యంలో, రైల్వేల్లో, మిల్లుల్లో, ఆఫీసుల్లో చేరారు. 1796లో సామ్యూల్ దివేకర్ అనే సైనికాధికారి మాండ్వీలో వాళ్ల మొదటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కట్టించాడు. దాని పేరు షార్ హరహమీమ్, ఇప్పటికీ ఉంది.

ఇక మీ తాతయ్యగారి సంగతి. బొంబాయి కామాఠీపురాకి ఆ పేరు వచ్చిందే తెలుగు నేల నుంచి పనికోసం వెళ్లిన కామాఠీల వల్ల. దాన్ని ఆనుకునే నాగ్‌పాడా, బైకుల్లా. యూదుల ఇళ్లు, బళ్లు, సినగాగులు ఆ చుట్టుపక్కల చాలా ఉండేవి. ఒక మిల్లు పనివాడు, ఒక యూదుల అమ్మాయి అక్కడ ఎదురుపడటం ఏమంత వింత కాదు. పెళ్లి చేసుకోవడం మాత్రం ఆ రోజుల్లో రెండు వైపులా పెద్ద గొడవే అయి ఉంటుంది. దీనికి మళ్లీ వస్తాను.

అమ్మమ్మగారి వంటింటికి వద్దాం. పస్కా అంటే ఈజిప్టులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు, అంటే యూదుల పూర్వీకులు, విడుదలై బయటికి వచ్చిన రోజు, బైబిల్లో నిర్గమకాండంలో ఉన్న కథే. పిండి పొంగేంతసేపు ఆగే తీరిక లేక పులియని రొట్టెలతోనే బయల్దేరారు కాబట్టి, ఆ రోజుల్లో పులిసిన పిండి ఇంట్లో ఉండకూడదు. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్ అని ఐదు ధాన్యాలు. వీటి పిండి నీళ్లు తగిలాక 18 నిమిషాల్లో కాల్చెయ్యకపోతే పులిసినట్టే లెక్క. అందుకే డబ్బా అటకెక్కింది. బెనె ఇజ్రాయెల్ పెద్దలు ఈ పండుగని మరాఠీలో ‘అనాశీ ఢాకాచా సణ్’ అనేవాళ్లు. పులుపు రసం పోసి ఉంచే కుండకి మూత వేసేసే పండుగ అన్నమాట. బయటి యూదులతో సంబంధం తెగిపోయిన కాలంలో కూడా ఆ కుండ మూయడం మాత్రం మానలేదు వాళ్లు. పండుగ ముందు ఇంటికి సున్నాలు, కొత్త కుండలు, రాగి గిన్నెలకి కళాయి. ఏడాదంతా పులిసినవి తగిలిన గిన్నె మళ్లీ కొత్తదవ్వాలి, ఆ కళాయి అందుకు. కొన్ని ఇళ్లలో ఆ రోజు మేకని కోసి, రక్తంలో అరచెయ్యి ముంచి తెల్లకాగితం మీద అచ్చు వేసి గుమ్మం పైన అంటించేవాళ్లు, ద్వారబంధాలకి గొర్రెపిల్ల రక్తం పూసిన ఆ రాత్రికి గుర్తుగా. మీ అమ్మమ్మ చిన్నప్పుడు అలాంటి గుమ్మాలు చూసే ఉండొచ్చు.

అటుకుల సంగతి పస్కాది కాదు. దాన్ని మలిదా అంటారు. అటుకులు, కొబ్బరి తురుము, చక్కెర, ఖర్జూరం, పళ్లు పళ్లెంలో పెట్టి ఏలీయా ప్రవక్తని తలుచుకుని పాడి పంచుతారు. మొక్కు తీరినప్పుడు, పెళ్లికి ముందు, కొత్తింట్లో చేరినప్పుడు చేస్తారు. ఏలీయా అంటే వాళ్లకి ప్రాణం. అలీబాగ్ దగ్గర ఖండాలా అనే పల్లెలో (లోనావలా పక్కనున్న ఖండాలా వేరు) ఒక బండ మీద ఆయన రథం గుర్తులు ఉన్నాయని ఇప్పటికీ వెళ్లి మలిదా చేసుకుంటారు. ప్రపంచంలో మిగతా యూదులెవరికీ ఈ అటుకుల ఆచారం లేదు. కాబట్టి మీ దగ్గరున్న గుర్తులన్నిట్లో గట్టిది ఇదే.

ఆ పుస్తకాన్ని హగ్గదా అంటారు. ముందు దాని మీద అచ్చు వేసిన సంవత్సరం, ఊరు చూడండి. బొంబాయిలో 1846లోనూ, పుణెలో 1874లోనూ మరాఠీ అనువాదంతో హగ్గదాలు అచ్చయ్యాయి. పుణె పుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది: చీరలు కట్టుకున్న ఆడవాళ్లు నేల మీద కూర్చుని పిండి పిసుకుతూ, రొట్టెలు వత్తుతూ, కాలుస్తూ ఉంటారు. ఆ బొమ్మ నాకెంత ఇష్టమో చెప్పలేను. మీ అమ్మమ్మగారి ప్రతి చాలా తర్వాతిదే అయి ఉండొచ్చు, అయినా సరే లామినేషన్‌కి మాత్రం ఇవ్వకండి, టేపు అంటించకండి. పొడి కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, ప్రతి పేజీ ఫొటో తీయండి. వైన్ మరకలో, పసుపు మరకలో ఉంటే అస్సలు తుడవకండి.

ఇప్పుడు ‘మేం యూదులమా’ అన్న ప్రశ్న. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తల్లి యూదురాలైతే బిడ్డ యూదుడే. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి మీకు, మీ నుంచి మీ పిల్లలకి ఆ లెక్క తెగకుండా వస్తుంది, తాతగారు ఎవరైనా సరే. అదే నాయనమ్మ వైపు నుంచి అయితే జవాబు వేరేగా ఉండేది. కాకపోతే శాస్త్రం ఒప్పుకోవడం వేరు, ఒక సమాజం మిమ్మల్ని తమ మనిషిగా ఎరగడం వేరు. రెండోదానికి కాగితాలు కావాలి, మనుషులు కావాలి. ఆవిడ తల్లిదండ్రుల కెతుబా, అంటే యూదుల పెళ్లి పత్రం, వాళ్లు ఏ సినగాగ్‌కి వెళ్లేవాళ్లో అక్కడి రిజిస్టరు, వర్లీలోని యూదుల శ్మశానంలో సమాధులు, చదువుకున్న బడి. మజ్‌గావ్‌లోని ఎల్లీ కదూరీ స్కూలు 1875లో ఈ సమాజం పిల్లల కోసమే మొదలైంది, ఆవిడ అందులో చదివి ఉంటే పేరు దొరకొచ్చు. ఇజ్రాయెల్ 1950లో చేసిన వలస చట్టాన్ని 1970లో సవరించి యూదుల మనవలకి కూడా హక్కు ఇచ్చింది నిజమే, కానీ ఇష్టపూర్వకంగా మతం మారినవాళ్లకి అది వర్తించదు, రుజువులు గట్టిగా అడుగుతారు. ఇప్పుడే ఎవరైనా ‘వీసా, పౌరసత్వం’ అని ఊదరగొడితే వినకండి. మీరు ఉత్తరంలో అడిగింది అది కాదు.

ఇంకోటి కూడా తెలుసుకోండి, ఎందుకంటే ఎక్కడో ఒకచోట మీకు ఎదురవుతుంది. బెనె ఇజ్రాయెల్ అసలు యూదులేనా అని ఇజ్రాయెల్‌లోనే ఒకప్పుడు ప్రశ్నించారు. 1960ల మొదట్లో వాళ్ల పెళ్లిళ్లకి వంశం ఆరా తీయమని అక్కడి ప్రధాన రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, ఆదేశిస్తే, బెనె ఇజ్రాయెల్ కుటుంబాలు జెరూసలేంలో రోడ్డెక్కి నిరసన చేశాయి. 1964లో వాళ్లు అన్ని విధాలా యూదులేనని ఒప్పుకున్నాక గానీ ఆ గొడవ సద్దుమణగలేదు. ఎవరైనా మిమ్మల్ని పైకీ కిందకీ చూస్తే చిన్నబోకండి, మీ అమ్మమ్మ తోబుట్టువులు కూడా ఆ చూపు చూసే ఉంటారు.

మీ పిల్లలతో పస్కా చేసుకుంటే నాటకం అవుతుందా? మొదటి ఏడాదే నెట్‌లో పళ్లెం కొని, వీడియో చూసి, బల్ల సర్ది, ఫొటోలు పెడితే మీకే అలా అనిపిస్తుంది. నా సలహా ఏంటంటే మొదటి పస్కాకి అతిథిగా వెళ్లండి. బెనె ఇజ్రాయెల్ ఒకప్పుడు ఇరవై వేల పైచిలుకు ఉండేవాళ్లు, 1950, 60 దశకాల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోయాక ఇప్పుడు మన దేశంలో ఐదు వేల లోపే మిగిలారు, ఎక్కువమంది ముంబై, ఠాణే వైపు. ఠాణేలో 1879 నాటి షార్ హషమాయిమ్ సినగాగ్ ఉంది, పుణె రాస్తా పేటలో ఇంకోటి. 2008లో ముంబైలోని నారిమన్ హౌస్ అనే యూదుల కేంద్రం మీద దాడి జరిగిన తర్వాత ఈ చోట్లన్నిటా కాపలా ఉంటుంది, చెప్పకుండా వెళితే గేటు దగ్గరే ఆగిపోతారు. కనీసం నెల ముందు ఫోన్ చేయండి, ఆధార్ పట్టుకెళ్లండి. ఉన్నదున్నట్టు చెప్పండి: ‘మా అమ్మమ్మది ఫలానా ఇంటిపేరు, 1958లో బయటి పెళ్లి చేసుకుంది, ఆవిడ పుస్తకం నా దగ్గర ఉంది.’ ఇంటిపేరు వినగానే ‘అయితే ఫలానా వాళ్లకి ఏమవుతారు’ అని అడగడం మొదలెడతారు చూడండి, ఆ విషయంలో మన పల్లెటూరి పెద్దలకి ఏమాత్రం తీసిపోరు. పండుగ 2026లో ఏప్రిల్ 1 సాయంత్రం, 2027లో ఏప్రిల్ 21 సాయంత్రం మొదలు. వాళ్లదీ చాంద్రమానమే, 19 ఏళ్లలో ఏడుసార్లు అధిక మాసం కలుపుతారు, అందుకే పస్కా చాలా ఏళ్లు మన చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా పడుతుంది.

అతిథిగా వెళ్లేలోపు ఇంట్లో ఏమీ చేయొద్దనడం లేదు. అమ్మమ్మ చేసినవి చేయండి, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఎనిమిది రోజులు చపాతీ, బ్రెడ్, మైదా బిస్కెట్, సేమియా, గోధుమరవ్వ ఉప్మా, బార్లీ కలిసిన హార్లిక్స్, బీరు ఉండవు. చాలామంది మరిచిపోయేది ఇంగువ. బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటిల్లో గోధుమపిండో మైదానో కలుపుతారు, డబ్బా వెనక చదవండి. అన్నం తినొచ్చా అని మీకు కచ్చితంగా డౌట్ వస్తుంది, ఎందుకంటే యూరప్ యూదుల ఆచారంలో బియ్యం, పప్పులు కూడా నిషిద్ధమని చదువుతారు. బెనె ఇజ్రాయెల్ ఇళ్లలో అన్నం తింటారు. పిల్లలకి వైన్ బదులు నల్ల కిస్మిస్ నానబెట్టి మరిగించి వడకట్టిన షర్బత్ చేయండి, వాళ్ల శుక్రవారం రాత్రి ప్రార్థనకి కూడా వాడేది అదే. ఇడ్లీపిండి మాటకొస్తే, శాస్త్రం ప్రకారం పులిసిన బియ్యం ఆ నిషేధంలోకి రాదు. అయినా పులుపు కుండకే మూత పెట్టిన జనం కాబట్టి ఆ వారం ఇడ్లీలు మానేస్తే మీ మనసుకి బాగుంటుందేమో, అమ్మమ్మ ఏం చేసేదో అమ్మకి గుర్తుండొచ్చు.

ఆ రాత్రి జరిగే భోజనాన్ని సేదర్ అంటారు. నాలుగు గిన్నెల వైన్, ఉప్పునీళ్లలో ముంచిన ఆకుకూర, చేదు ఆకు, ఖర్జూరంతో చేసిన తీపి ముద్ద, పులియని రొట్టె, ఎముక, గుడ్డు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు ‘ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు’ అని అడగాలి, పెద్దవాళ్లు కథంతా చెప్పాలి. అడిగేది పిల్లలు కాబట్టి వాళ్లకి అర్థమయ్యే భాషలో జరగాలి, మీ ఇంట్లో తెలుగులోనే అడగనివ్వండి. బెనె ఇజ్రాయెల్ అచ్చువేయించిందే మరాఠీ పక్కన పెట్టుకుని కదా. ఈజిప్టుకి పట్టిన పది తెగుళ్ల, అంటే విపత్తుల, పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకి ఒక్కో చుక్క వైన్ తీసేస్తారు, శత్రువులైనా వాళ్లూ చచ్చిపోయారు కాబట్టి మన గిన్నె నిండుగా ఉండకూడదని పెద్దలు చెబుతారు. నాకు మొత్తం పండుగలో ఇక్కడే గొంతు పట్టేస్తుంది. భోజనం అయ్యాక ఏలీయా కోసం ఒక గిన్నె నింపి వీధి తలుపు తెరుస్తారు. మీ అమ్మమ్మ మలిదా పంచింది ఆయన పేరు మీదే కాబట్టి పిల్లలకి అది చెప్పండి.

మీ ఆయన మంచి మనసుతోనే అన్నారు గానీ, ఉగాది పచ్చడితో పోల్చి ఊరుకుంటే అసలు సంగతి జారిపోతుంది. మన పచ్చడిలో చేదు రాబోయే ఏడాది కోసం, ఏది వచ్చినా తీసుకుంటామని. సేదర్‌లో చేదు జరిగిపోయినదాని కోసం, మన ముత్తాతలు బానిసలుగా తిన్నదాన్ని మనం కూడా నోట్లో పెట్టుకోవాలని. ప్రతి తరంలో ప్రతి మనిషీ ఈజిప్టు నుంచి తానే బయటికి వచ్చినట్టు అనుకోవాలని హగ్గదాలోనే ఉంటుంది. ఇక అత్తయ్యగారు పూర్తిగా పొరబడలేదు. పస్కా అనే మాట మన ఊళ్లలో తెలిసింది బైబిల్ వల్లే, ఏసు చివరి భోజనం కూడా పస్కా రోజులదే, కొన్ని చర్చిల్లో ఈమధ్య సేదర్ లాంటిది చేస్తున్నారు కూడా. కానీ అది క్రైస్తవ విశ్వాసంతో చేసేది, మీ అమ్మమ్మది అంతకన్నా పాతది. అత్తయ్యగారికి గొడవగా కాకుండా ‘మా అమ్మమ్మ పుట్టింటి ఆచారం అత్తయ్యా’ అని చెప్పండి, పుట్టింటి ఆచారం అనే మాట ఏ అత్తగారికైనా అర్థమవుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారని మీకు ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, బెనె ఎఫ్రాయిమ్ అంటారు, 1990ల మొదట్లో సినగాగ్ పెట్టుకున్నారు, పస్కా చేస్తారు. వాళ్ల కథ వేరు, మీ అమ్మమ్మ కథ వేరు. గౌరవంగా వెళ్లి కలిస్తే మంచిదే, కానీ మీ మూలాల కోసం వెతకాల్సింది రాయగఢ్ వైపు.

అన్నిటికన్నా నాకు దిగులుగా ఉన్నది మీ అమ్మగారి గురించి. ఆవిడ కోపం మీ మీద కాదనుకుంటాను. 1958లో ఆ పెళ్లయినప్పుడు రెండు ఇళ్లూ తలుపులు వేసేసి ఉంటాయి. తర్వాత కొన్నేళ్లలో అమ్మమ్మ తోబుట్టువులు ఇజ్రాయెల్ వెళ్లిపోయి ఉంటే, వీడ్కోలు చెప్పడానికి ఈవిడని పిలిచారో లేదో. వీటన్నిటి మధ్య పెరిగిన పిల్లకి ‘బయట చెప్పకు’ అని ఎన్నిసార్లు చెప్పి ఉంటారో ఆలోచించండి. అరవయ్యేళ్లుగా కాపాడిన మాటని మీరు ఒక మధ్యాహ్నం ఫొటో తీసి పదిమందికి పంపించారు. తప్పు చేశారని కాదు, కానీ ముందు దానికి సారీ చెప్పండి. పుస్తకం పట్టుకుని మళ్లీ ఎదురుగా కూర్చోకండి. కళాయి అతను ఎక్కడినుంచి వచ్చేవాడు, ఆ ఎనిమిది రోజులు నీకు స్కూలుకి టిఫిన్ ఏం పెట్టేది, మలిదాలో ఖర్జూరం ఎన్ని వేసేది, అటుకులు కడిగేదా తడిపేదా, ఇలా వంటింటి నుంచి అడగండి, పక్కన నిలబడి గిన్నెలు తోముతూ అడగండి. చెబితే వినండి, ఆవిడ ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. చెప్పనంటే ఈ ఏడాదికి వదిలేయండి. చెప్పేటప్పుడు మాత్రం నాలుగు సంగతులు ఎలాగైనా రాసుకోండి: అమ్మమ్మ తల్లిదండ్రుల పేర్లు, వాళ్లు ఉన్న వీధి, వెళ్లిన సినగాగ్, ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లు ఏ ఊళ్లో దిగారు. దిమోనా, అష్‌దోద్, బేర్షెబా, లోద్, రామ్లా, ఈ ఐదింట్లో ఏ పేరు వినపడినా చాలు, బెనె ఇజ్రాయెల్ కుటుంబాలు ఎక్కువగా స్థిరపడ్డ ఊళ్లవి. మీ అమ్మకి అక్కడ మేనమామ పిల్లలో, పెద్దమ్మ పిల్లలో ఉండొచ్చు, వాళ్లు కూడా మీ అమ్మమ్మ ఏమైందో అని అడుగుతూ ఉండొచ్చు. ముంబైకి ఫోన్ చేసే రోజు కూడా అమ్మకి ముందే చెప్పి చేయండి, వస్తానంటే రైలు టికెట్లు రెండు తీయండి.